కుక్క అరుపులు, కోళ్ల గొడవ: మాకు దడి పనిచేసింది

మాది కావలి. పక్కింటి వదిన పెరట్లో ఆరు పెట్టలు, ఒక పుంజు. మా రాజుగాడు తెల్లారిందగ్గర్నుంచీ వాటిని చూసి ఒకటే మొరుగుడు. పెట్టలు బెదిరి గుడ్లు తగ్గించాయని ఆమె బాధ; పుంజు కూతకు నాలుగింటికే మెలకువని మా బాధ. మాటలు కూడా ఆగిపోయాయి.

ఒకరోజు కంచె దగ్గరే కూర్చుని చూశా. కోడి కంటబడితేనే వాడి చెవులు నిక్కబొడుచుకుంటున్నాయి. చాటుకు పోతే ముందుకాళ్ల మీద తల పెట్టి పడుకుంటున్నాడు.

నేనే వెళ్లి, "తప్పు మాదీ ఉంది వదినా" అన్నా. ఇద్దరం కలిసి కంచె పొడవునా తాటాకు దడి కట్టించాం, కింద సందు లేకుండా. పుంజుకు చీకట్లోనూ పొద్దు తెలుస్తుంది, కూత ఆగదు. అందుకే రాత్రిళ్లు దాని గూటిని మా కిటికీకి దూరంగా, అవతలి గోడవైపు మార్చింది.

మొన్న గిన్నెలో నాలుగు గుడ్లు పంపింది, ఇంకా వెచ్చగానే ఉన్నాయి.