ఉద్యోగం మానేసి నచ్చిన పనిలోకి వెళ్తున్నామని ఇంట్లో ఎలా చెప్పాలి?

నేను రెండు ఉద్యోగాలు మానేశాను, మొదటిది బ్యాంకులో, రెండోది సాఫ్ట్‌వేర్‌లో. ఆ తర్వాత తమ్ముళ్లు, చెల్లెళ్లు, పాత కొలీగ్స్ అంతా కలిపి ఒక పదిమంది ఇళ్లలో ఈ మాట చెప్పేటప్పుడు పక్కన కూర్చున్నాను. డబ్బు చాలక వెనక్కి వచ్చినవాళ్లు తక్కువే. ఇంట్లో చెప్పడం చెడగొట్టుకుని, ఆ గొడవ తట్టుకోలేక మళ్లీ ఇంటర్వ్యూలకు వెళ్లినవాళ్లే ఎక్కువ. చూసీ చూసీ బాధేసి రాస్తున్నాను.

1. డబ్బు, కాగితాలు

ఈఎంఐలతో సహా ఏడాది ఖర్చు వేరే ఖాతాలో ఉండాలి. ఆరు నెలల ఖర్చు ఉంటే చాలంటారు, చాలదు. హోమ్ లోన్ తీసుకునే ఆలోచన ఉంటే జీతం వస్తుండగానే తీసుకోండి, మానేశాక బ్యాంకులు రెండు మూడేళ్ల ఐటీ రిటర్న్‌లు అడుగుతాయి. ఐదేళ్ల సర్వీసుకు కొన్ని నెలలే తక్కువైతే ఆగండి, గ్రాట్యుటీ (సర్వీసుకు కంపెనీ ఇచ్చే డబ్బు) వస్తుంది, పీఎఫ్ తీసినా ట్యాక్స్ పడదు. కంపెనీ ఇన్సూరెన్స్‌లో అమ్మానాన్నలు ఉంటే మీ ఆఖరి రోజుతో వాళ్లకూ అది పోయినట్టే. షుగరో బీపీయో ముందే ఉన్నవాళ్లకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు, అంటే అన్నాళ్లు ఆ జబ్బులకు క్లెయిమ్ రాదు, కాబట్టి వాళ్లకు ఇప్పుడే సొంత పాలసీ తీసుకోండి.

2. పని చేసి చూడటం

ఆరు నెలలు శని, ఆదివారాలు ఆ పనే చేయండి. మీకు పరిచయం లేని మనిషి ఒక్కరైనా దానికి డబ్బిచ్చి ఉండాలి, 500 రూపాయలైనా సరే. అప్పటిదాకా ఇంట్లో నోరు విప్పొద్దు.

3. చెప్పడం

ఇక్కడే అందరూ తప్పు చేస్తారు.

ముందు పేపర్ వేసేసి, అంటే రాజీనామా చేసేసి, తర్వాత చెబితే గొడవ ఉండదని చాలామంది సలహా ఇస్తారు. గొడవ ఉంటుంది, పైగా అది ఉద్యోగం గురించి కాకుండా "మాకు చెప్పకుండా చేశావు" అన్నదాని గురించి ఉంటుంది. ఉద్యోగం గురించైతే ఏదో ఒకటి మాట్లాడొచ్చు, దీనికి మీ దగ్గర జవాబు ఉండదు. "ఆరు నెలలు సెలవు పెట్టాను" అని అబద్ధం చెప్పడం అంతకంటే ఘోరం, ఏడో నెలలో రెండు విషయాలు ఒప్పుకోవాల్సి వస్తుంది.

ఫోన్‌లో చెప్పకండి. వీడియో కాల్‌లో అసలు వద్దు. ఊరికి వెళ్లండి. పండక్కీ పెళ్లికీ వెళ్లినప్పుడు కాదు, చుట్టాలెవరూ లేని మామూలు రోజున. ముందు నాన్నకే చెప్పాలి, పొద్దున కాఫీ తాగాక, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు. అమ్మ చేత చెప్పిద్దామని అందరికీ ఉంటుంది, కానీ అలా చేస్తే ఆయన కోపమంతా పడేది ఆవిడ మీద.

ప్యాషన్, సంతృప్తి అనే మాటలు ఆ రోజు వాడొద్దు. ఆ మాటలు అబద్ధమని కాదు, నేను మానేసింది వాటి కోసమే. కానీ ముప్పై ఏళ్లు ఇష్టం లేని డ్యూటీ చేసి మిమ్మల్ని చదివించిన మనిషికి "నాకు సంతృప్తి లేదు నాన్నా" అంటే, ఆయన జీవితం వృథా అన్నట్టు వినిపిస్తుంది. బదులుగా కాగితం చూపించండి. ఖాతాలో ఇంత ఉంది, ఈఎంఐ ఇలా కడతాను, చెల్లి పెళ్లికి పక్కన పెట్టింది ముట్టుకోను, మీ ఇన్సూరెన్స్ ఇదిగో.

ఇంత చేసినా ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఎందుకంటే ఆయన భయం డబ్బు ఒక్కటే కాదు. ఉద్యోగం పురుష లక్షణం అని వింటూ పెరిగిన మనిషి ఆయన. రేపు ఏ పెళ్లిలోనో ఎవరో "మీ వాడు ఏం చేస్తున్నాడండీ?" అని అడుగుతారు. ఇన్నేళ్లూ ఒక్క కంపెనీ పేరు చెబితే సరిపోయేది. ఇప్పుడేం చెప్పాలి? ఆ జవాబు మీరే తయారుచేసి ఇవ్వాలి. ఆయన నోటికి ఇబ్బంది లేని ఒక్క వాక్యం. "ఏదో ఫొటోలు తీస్తున్నాడు" కాదు, "సొంతంగా స్టూడియో పెట్టాడు". అబద్ధం ఉండకూడదు, నసుగుడు కూడా ఉండకూడదు.

అమ్మకైతే పని చూపించాలి. మా పిన్ని కూతురు కలంకారీ నేర్చుకుంటానంటే పిన్ని నెల రోజులు మాట్లాడలేదు, బొమ్మలు గీసుకుంటూ కూర్చుంటుందనుకుంది. శ్రీకాళహస్తి తీసుకెళ్లాం. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో బట్ట నానబెట్టడం, ఇనుము, బెల్లం రోజుల తరబడి ఊరబెట్టి నల్ల రంగు తీయడం, వెదురు కలంతో గీత గీత గీయడం అన్నీ చూసింది. చివరికి ఒక చీర చేతిలోకి తీసుకుని "ఇది ఎంతకమ్ముతారు?" అని అడిగింది. ఆ తర్వాత మేం ఒక్క మాట కూడా చెప్పాల్సిన అవసరం రాలేదు.

చెప్పిన రాత్రే బస్సెక్కకండి. రెండు రోజులు ఉండండి. మొదటి రోజు అరుస్తారు లేదా మాట్లాడరు, అసలు ప్రశ్నలు రెండో రోజు భోజనాల దగ్గర వస్తాయి. వాటికి జవాబు చెప్పడానికి మీరక్కడ ఉండాలి.

4. పేపర్ వేయడం

తిరిగొచ్చిన వారంలోనే వేసేయండి, ఇంకా ఆగితే మీకే అనుమానాలు మొదలవుతాయి. మెయిల్ రెండు లైన్లు చాలు. కారణాలు రాయొద్దు. రిలీవింగ్ లెటర్, ఫారం 16, మూడు నెలల పే స్లిప్పులు సొంత మెయిల్‌కు తెచ్చుకోండి, పీఎఫ్ ఖాతాకు మీ సొంత ఫోన్ నంబరే ఉందో లేదో చూసుకోండి.