ఇంట్లో పిల్లి ఉండగా కుక్కపిల్లని తెస్తున్నారా

దసరా సెలవుల్లో పప్పీని తెచ్చుకునేవాళ్లు ముందు ఇవి చూస్కోండి.

– బాల్కనీకి నెట్ కట్టించాకే పప్పీని తేండి. మాది ఎంవీపీ కాలనీలో మూడో ఫ్లోరు, మా పిల్లి బెదిరిపోయి గ్రిల్ సందులోంచి దూరి సన్‌షేడ్ మీద కూర్చుండిపోయింది, దాన్ని లోపలికి లాగేసరికి నా చేతులు రెండూ గీతలే.

– మొదటిరోజే ఇద్దర్నీ ఎదురెదురుగా పెట్టి ఫొటోలు తియ్యొద్దు, గోరు తగిలితే పప్పీ కన్నే పోవచ్చు. కొన్నాళ్లు వేరే గదుల్లో ఉంచి దీని దుప్పటి దానికి, దాని దుప్పటి దీనికి వెయ్యండి, వాసన అలవాటవుతాది.

– ఇంట్లో కూడా పప్పీకి లీష్ ఉండాలి. పిల్లి పరిగెడితే తరమడం దానికి ఆట, ఒకసారి రుచి మరిగిందంటే మాన్పించడం నరకం. పిల్లిని చూసి మళ్లీ మీవైపు తల తిప్పిందా, ఆ సెకన్‌లోనే ఉడికించిన చికెన్ ముక్క నోట్లో పెట్టెయ్యండి. ఎండు నెత్తళ్లు వద్దు, ఉప్పెక్కువ, పైగా ఆ వాసనకి పిల్లే ముందొచ్చేస్తాది.

– ఫ్రిజ్ మీదో బీరువా మీదో పిల్లికి చోటివ్వండి, తిండిగిన్నె కూడా పైనే.

– పిల్లి బుస్సుమంటే తిట్టొద్దు, అది దూరంగా ఉండమంటోంది అంతే.

– మీరు బయటికెళ్తే మధ్యలో తలుపు వేసే వెళ్లండి.