ప్రొజెక్టర్‌కి ల్యాప్‌టాప్ కలపడం: నో సిగ్నల్ అని వస్తే ఏం చెయ్యాలి

ప్రొజెక్టర్ దగ్గర అందరూ చేసే తప్పు ఒకటే అండి. తెర మీద నో సిగ్నల్ అని కనపడగానే కేబుల్ పీకేస్తారు, ఇంకో పోర్ట్‌లో పెడతారు, రిమోట్‌లో దొరికిన బటనల్లా నొక్కేస్తారు, ఆ పక్కనే ల్యాప్‌టాప్ కూడా రీస్టార్ట్ కొట్టేస్తారు, అన్నీ ఒక్క నిమిషంలో. ఇంక బొమ్మ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలీదు, రాకపోతే లోపం ఎక్కడుందో అసలే తెలీదు. నేను కూడా ఒకసారి నిండు హాల్లో పావుగంట ఇలా కుస్తీ పట్టా, చివరికి వెనక వరసలో కూర్చున్నాయన లేచొచ్చి రిమోట్‌లో సోర్స్ బటన్ ఒక్కసారి నొక్కేసి ఏం మాట్లాడకుండా వెళ్ళి కూర్చున్నాడు. బొమ్మ వచ్చేసింది. అప్పట్నుంచి నా రూలు ఒకటే: ఒక్కటి మార్చు, పది సెకన్లు ఆగు, అప్పుడు చూడు. ఆ పది సెకన్లు ఎందుకంటే ప్రొజెక్టర్ కొత్త సిగ్నల్ పట్టుకోడానికి టైమ్ తీసుకుంటుంది, మనం ఆగకుండా ఇంకోటి మార్చేస్తే పాపం అది మళ్ళీ మొదట్నుంచి వెతుక్కుంటుంది.

ముందు పోర్ట్‌లు చూసుకోండి, ఇది ఇంట్లో ఉండగానే చెయ్యాల్సిన పని, స్టేజి ఎక్కాక కాదు. హెచ్‌డిఎంఐ అంటే సన్నగా పలకలా ఉండి కింద రెండు మూలలు లోపలికి నొక్కినట్టు ఉంటుంది, 19 పిన్నులు, బొమ్మ సౌండ్ రెండూ ఒకే వైర్లో పోతాయి. విజిఎ అంటే మామూలుగా నీలం రంగులో ఉండే పాత కనెక్టర్, మూడు వరసల్లో 15 పిన్నులు, అటూ ఇటూ తిప్పే స్క్రూలు. 1987లో ఐబిఎం వాళ్ళు తెచ్చింది ఇంకా చాలా గదుల్లో గోడ మీద అలాగే ఉంది. దీన్లో సౌండ్ పోదు, బొమ్మ ఒక్కటే. ఇంకో సంగతి, విజిఎలో బొమ్మ వస్తోంది కానీ అంతా పసుపుగానో గులాబీ రంగుగానో ఉంటే సెట్టింగ్స్ జోలికి వెళ్ళకండి, ఎరుపు ఆకుపచ్చ నీలం మూడూ వేరే వేరే పిన్నుల్లో వస్తాయి కాబట్టి వాటిల్లో ఒకటి సరిగ్గా తగలట్లేదని అర్థం. కేబుల్ తీసి పిన్ను ఏదైనా వంగిందేమో చూసి మళ్ళీ నెమ్మదిగా పెట్టి స్క్రూలు బిగించండి.

కొత్త సన్న ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ రెండూ ఉండవు, టైప్ సి ఒక్కటే ఉంటుంది, అసలు తలనొప్పి ఇక్కడే. టైప్ సి కన్నం చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి గానీ అన్నిట్లోంచీ వీడియో రాదు, కొన్ని ఛార్జింగ్‌కి ఫైళ్ళకి మాత్రమే. పోర్ట్ పక్కన మెరుపు గుర్తు ఉంటే థండర్‌బోల్ట్, వీడియో వస్తుంది. డి, పి అక్షరాలు కలిపినట్టు ఉండే గుర్తు ఉన్నా వస్తుంది. ఏ గుర్తూ లేకపోతే మీ మోడల్ స్పెసిఫికేషన్స్‌లో డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ (టైప్ సి లోంచి బొమ్మ పంపే పద్ధతి) అని రాసుందో లేదో చూడండి. అది లేకపోతే మామూలు టైప్ సి టు హెచ్‌డిఎంఐ అడాప్టర్ ఎంత మంచిది కొన్నా పనిచెయ్యదు, అడాప్టర్ తప్పు కాదది. (డిస్‌ప్లేలింక్ అనే రకం వేరే ఉంది, డ్రైవర్ వేసుకుంటే మామూలు యుఎస్‌బి మీద కూడా బొమ్మ పంపుతుంది, కానీ అది వేరే కథ.)

మీ దగ్గర హెచ్‌డిఎంఐ ఉండి ప్రొజెక్టర్‌కి విజిఎ మాత్రమే ఉంటే కన్వర్టర్ కావాలి. ఒకటి డిజిటల్ ఇంకోటి అనలాగ్, మధ్యలో మార్చే చిప్ ఉండాలి కాబట్టి రెండు వైపులా రెండు మూతులు ఉన్న ఉత్త కేబుల్ సరిపోదు. పైగా ఇవి వన్ వే. ల్యాప్‌టాప్ హెచ్‌డిఎంఐ నుంచి ప్రొజెక్టర్ విజిఎకి వెళ్ళేది ఒకటి, విజిఎ నుంచి హెచ్‌డిఎంఐకి వెళ్ళేది ఇంకోటి, చూడ్డానికి దాదాపు ఒకేలా ఉంటాయి, తిప్పి పెడితే ఏమీ రాదు. కొనేటప్పుడు మీ ల్యాప్‌టాప్ పేరు కాదు, ఎటు నుంచి ఎటు అనేది చెప్పి అడగండి.

సరే గదిలోకి వచ్చాం. మొదట ప్రొజెక్టర్ ఆన్ చేసి దాని లోగో తెర మీద పడేదాకా ఆగండి, లాంప్ ఉండే రకమైతే వెలుగు పూర్తిగా రావడానికి కాస్త టైమ్ పడుతుంది. అప్పుడు కేబుల్ పెట్టండి. ఈ వరస ఎందుకంటే కేబుల్ తగలగానే ల్యాప్‌టాప్ అవతల ఎవరున్నారు, నువ్వు ఏ సైజు బొమ్మ చూపించగలవు అని ప్రొజెక్టర్ని అడుగుతుంది, అది తన లిస్ట్ పంపుతుంది, దీన్నే ఇడిఐడి అంటారు. ప్రొజెక్టర్ నిద్రలో ఉంటే ఒక్కోసారి జవాబు రాదు, ల్యాప్‌టాప్ ఏమో అవతల ఎవరూ లేరనుకుంటుంది. ఆన్ అయ్యాక కేబుల్ ఒకసారి తీసి పెడితే పని జరిగిపోయేది అందుకే.

బొమ్మ రాలేదా, రిమోట్‌లోనో ప్రొజెక్టర్ మీదో సోర్స్ అనో ఇన్‌పుట్ అనో ఉన్న బటన్ నొక్కి మీరు కేబుల్ పెట్టిన పోర్ట్ పేరే ఎంచుకోండి. విజిఎని చాలా ప్రొజెక్టర్లు కంప్యూటర్ అని పిలుస్తాయి, హెచ్‌డిఎంఐ 1, 2 అని రెండుంటే కేబుల్ ఎందులో ఉందో కళ్ళతో చూడాల్సిందే. అప్పటికీ రాకపోతే ఇప్పుడు ల్యాప్‌టాప్ వంతు. విండోస్ కీ పట్టుకుని పి నొక్కితే పక్కన నాలుగు ఆప్షన్లు వస్తాయి: పీసీ స్క్రీన్ ఓన్లీ, డూప్లికేట్ (రెండిట్లో ఒకే బొమ్మ), ఎక్స్‌టెండ్ (రెండూ వేరే వేరే తెరల్లా), సెకండ్ స్క్రీన్ ఓన్లీ. మొదటిది ఎంచుకుని ఉంటే కేబుల్ ఎంత బాగున్నా తెర మీద ఏమీ రాదు. మ్యాక్‌లో అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్‌లోకి వెళ్ళి మిర్రర్ (డూప్లికేట్ లాంటిదే) చేసుకోవాలి. ఇంకా మొండికేస్తే విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కండి, స్క్రీన్ ఒకసారి ఆరి వెలుగుతుంది, గ్రాఫిక్స్ డ్రైవర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది, తెరిచిన ఫైళ్ళకి ఏమీ కాదు. ల్యాప్‌టాప్ మొత్తం రీస్టార్ట్ చేసేముందు ఇది చూడండి. ఆ తర్వాతే కేబుల్ మార్చడం.

డూప్లికేటా ఎక్స్‌టెండా అని అడిగితే సాఫ్ట్‌వేర్ ఏదైనా చేసి చూపించేటప్పుడు డూప్లికేట్, స్లైడ్లకి ఎక్స్‌టెండ్. ఎక్స్‌టెండ్‌లో పవర్‌పాయింట్ స్లైడ్ తెర మీద పెట్టి మీ నోట్స్, తర్వాతి స్లైడ్ మీ ల్యాప్‌టాప్‌లో చూపిస్తుంది. ఒక్కోసారి తిరగబడి నోట్స్ జనానికి స్లైడ్ మీకు కనిపిస్తాయి, అప్పుడు ప్రెజెంటర్ వ్యూ (ఆ నోట్స్ కనపడే స్క్రీన్) పైన ఉండే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్వాప్ నొక్కితే సర్దుకుంటుంది. ఎక్స్‌టెండ్‌తో ఇంకో చిక్కు, తెరిచిన విండో కనపడకుండా పోతుంది, అది ఎక్కడికీ పోలేదు అవతలి తెర మీద ఉంది, విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని కుడి లేదా ఎడమ బాణం నొక్కితే ఇటు వచ్చేస్తుంది.

బొమ్మ వచ్చింది కానీ మసగ్గా ఉంది అంటే ముందు లెన్స్ చుట్టూ ఉన్న ఫోకస్ రింగ్ తిప్పండి, అందరూ సెట్టింగ్స్‌లో వెతుకుతారు ఇది మర్చిపోయి. అది సరిగ్గానే ఉంటే రిజల్యూషన్, అంటే బొమ్మలో అడ్డంగా నిలువుగా ఎన్ని చుక్కలు ఉన్నాయో ఆ లెక్క. పాత ప్రొజెక్టర్లు చాలావరకు 1024×768, ఆఫీసు రకాలు 1280×800, ఇంకొన్ని 1920×1080, మీరు కూడా సరిగ్గా అదే పెడితే అక్షరాలు స్పష్టంగా వస్తాయి. వెడల్పు స్లైడ్ పాత ప్రొజెక్టర్ మీద వేస్తే పైనా కిందా నల్లపట్టీలు వస్తాయి, రానివ్వండి, సాగదీస్తే మనుషులు పొడుగ్గా సన్నగా కనిపిస్తారు. అవుట్ ఆఫ్ రేంజ్ అని వస్తే గేమింగ్ ల్యాప్‌టాప్ వాళ్ళు రిఫ్రెష్ రేట్ (సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క) చూసుకోవాలి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి 60 హెర్ట్జ్ పెట్టండి. బొమ్మ ఒకవైపు వెడల్పుగా ఇంకోవైపు సన్నగా ఉంటే మెనూలో కీస్టోన్ అనే సెట్టింగ్ వాడొచ్చు గానీ అది బొమ్మని లోపలే కుదించి సర్దుతుంది కాబట్టి కొంచెం స్పష్టత పోతుంది, ముందు ప్రొజెక్టర్నే జరిపి చూడండి. టేబుల్ మీద పెట్టిన ప్రొజెక్టర్‌లో బొమ్మ తలకిందులుగా వస్తే మెనూలో ప్రొజెక్షన్ అనేదాంట్లో సీలింగ్ అని పెట్టి ఉంటుంది, ఫ్రంట్‌కి మార్చండి.

హెచ్‌డిఎంఐ పెట్టగానే సౌండ్ ప్రొజెక్టర్‌లోకి పోతుంది, అందులో ఉండే స్పీకర్ చాలా చిన్నది, కొన్నిట్లో అసలు ఉండదు, మన వీడియో మూగదైపోతుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ బొమ్మ నొక్కి ల్యాప్‌టాప్ స్పీకర్నో, బయట పెట్టిన స్పీకర్నో ఎంచుకోండి. ఓటీటీ సినిమా క్లిప్పింగ్ పెడితే తెర నల్లగా ఉండి మాటలు మాత్రం వినపడితే అది కాపీ రక్షణ వల్ల, మధ్యలో విజిఎ కన్వర్టర్ ఉంటే మరీ ఎక్కువ, మీ ల్యాప్‌టాప్ చెడిపోలేదు.

వైర్‌లెస్ కూడా ఉంది, విండోస్ కీ, కె నొక్కితే మిరాకాస్ట్ (వైర్ లేకుండా స్క్రీన్ పంపే పద్ధతి) ఉన్న ప్రొజెక్టర్లు కనపడతాయి, మ్యాక్‌కి అలాంటిదే ఎయిర్‌ప్లే. స్లైడ్లకి బానే ఉంటుంది, వీడియో ఒక్కోసారి ఆగి ఆగి వస్తుంది. నేనైతే బ్యాగులో కేబుల్ లేకుండా వెళ్ళను.

మొదలుపెట్టేముందు ఛార్జర్ పెట్టండి, నోటిఫికేషన్లు ఆపండి (మీ ఇంట్లోవాళ్ళ మెసేజ్ నాలుగడుగుల అక్షరాలతో రావడం ఎవరికీ అక్కర్లేదు), స్లీప్ టైమ్ నెవర్‌లో పెట్టండి. స్లైడ్లకి ఒక పీడీఎఫ్ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉంచండి, ఎందుకంటే చివరికి వేరేవాళ్ళ ల్యాప్‌టాప్‌లో వెయ్యాల్సి వస్తే మీ తెలుగు ఫాంట్ అక్కడ ఉండకపోవచ్చు, ఒత్తులన్నీ విడిపోయి డబ్బాలు డబ్బాలుగా వస్తుంది, పీడీఎఫ్‌లో ఆ గొడవ ఉండదు. పవర్‌పాయింట్‌లో ఎఫ్5 నొక్కితే మొదటి స్లైడ్ నుంచి, షిఫ్ట్ ఎఫ్5 నొక్కితే ఉన్న స్లైడ్ నుంచి మొదలవుతుంది. జనం మీ మాట వినాలి స్లైడ్ చదవకూడదు అనుకున్నప్పుడు బి నొక్కండి, తెర నల్లబడుతుంది, మళ్ళీ నొక్కితే వస్తుంది.

అయిపోయాక లాంప్ ప్రొజెక్టర్‌ని ప్లగ్ పీకి ఆపొద్దు. పవర్ బటన్ నొక్కండి, చాలావాటికి రెండుసార్లు నొక్కాలి, ఫ్యాన్ లాంప్‌ని చల్లార్చి తనే ఆగేదాకా వదిలెయ్యండి. ఆ ఒకటి రెండు నిమిషాల్లో కేబుల్ చివర ఉన్న మీ అడాప్టర్ తీసి జేబులో వేసుకోండి, నావి ఇప్పటికి మూడు పోయాయి అలాగే.