ఇద్దరు స్నేహితురాళ్ల నవల రాయాలంటే

వారపత్రికల సీరియళ్ల కాలం నుంచీ చాలా తెలుగు నవలల్లో నాయిక స్నేహితురాలికి ఒకటే పని: ప్రేమకథ వినడం, ఉత్తరం చేరవేయడం, పెళ్లిలో కాసేపు కనిపించడం. స్నేహమే కథావస్తువైతే ఈ అలవాటు మానుకోవాలి. ఇద్దరికీ సొంత బతుకు ఉండాలి, ఒకరి బతుకు రెండోవారికి ఎక్కడో గుచ్చుకుంటూ ఉండాలి.

రాత మొదలుపెట్టే ముందు ఒక పట్టిక వేసుకోండి. ఏడాది, ఒకామె దగ్గరున్నది, రెండో ఆమె దగ్గరున్నది, ఆ ఏడు ఎవరికి ఎవరిని చూసి కుళ్లు. ఉదాహరణకి గుంటూరులో 2006లో కలిసి పదో తరగతి పాసైన సుజాత, మాధవి అనుకుందాం. 2008 ఎంసెట్‌లో సుజాతకి మంచి ర్యాంకు. మాధవి బీకాంలో చేరింది. 2012లో మాధవి బ్యాంకులో క్లర్కు, చేతిలో సొంత జీతం. సుజాతకి 2013లో పెళ్లి. భర్త వెంట హెచ్4 వీసా మీద డాలస్ వెళ్లింది, ఊళ్లో అందరి కళ్లూ ఆమె మీదే. కానీ అప్పటి నిబంధనల ప్రకారం ఆ వీసా మీద ఉద్యోగం చేయకూడదు. బీటెక్ చదివి ఇంట్లో కూర్చున్న మనిషి, బీకాం చదివి నెలనెలా జీతం తెచ్చుకుంటున్న మనిషికి ఫోన్ చేసి ఏం మాట్లాడుతుంది? నవల అక్కడుంది. పట్టిక మొత్తం మీద పైచేయి కనీసం నాలుగుసార్లు మారాలి. మొదటినుంచి చివరిదాకా ఒకామే పైనుంటే అది ఒకరి జాలికథ అవుతుంది.

తేదీలు సరిచూసుకోవడం ఇక్కడ చాలా ముఖ్యం, ఎందుకంటే పోలికలన్నీ కాలం మీదే నడుస్తాయి. హెచ్4 వారికి పని అనుమతి 2015 మేలో మొదలైంది, అదీ భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ ఒక దశ దాటితేనే. కాబట్టి 2014 అధ్యాయంలో సుజాతకి ఉద్యోగం ఇప్పించకండి. వాట్సాప్‌లో నీలం టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. 'చదివి కూడా జవాబివ్వలేదు' అనే బాధ అంతకుముందు కథలో పెడితే పాఠకులు పట్టేస్తారు. గుంటూరులో రాత్రి తొమ్మిదైతే డాలస్‌లో ఎండాకాలం ఉదయం పదిన్నర, చలికాలం తొమ్మిదిన్నర. ఒకామె అలసి నడుం వాల్చే వేళ రెండో ఆమెకి ఇంకా గడవాల్సిన పొడుగాటి పగలు. ఈ తేడాతో సగం అపార్థాలు వాటంతటవే పుడతాయి.

ఇన్‌సెక్యూరిటీని చెప్పకండి, చేయించండి. 'ఆమెలో అభద్రతాభావం పెరిగింది' అని రాసిన ప్రతిచోటా ఆ వాక్యం కొట్టేసి ఒక పని పెట్టండి. అన్నిటికంటే పనికొచ్చేది శుభవార్త వినే ఘట్టం. దాన్ని మూడు అంచెల్లో రాయాలి: నోరు ఏమంది, చేతులు ఏం చేశాయి, గంటలోపు ఏం చేసింది. సుజాత ర్యాంకు 2,143 అని విన్న మాధవి 'అబ్బా! పార్టీ ఎప్పుడే?' అంటుంది. మడతపెట్టిన బట్టలు విప్పి మళ్లీ మడతపెడుతుంది. సాయంత్రం అమ్మ అడిగితే 'మూడు వేలో ఎంతో' అంటుంది. ఆ చిన్న అబద్ధం చేసే పని రెండు పేజీల ఆలోచన చేయలేదు. అంతేకాదు, అది తర్వాత ఎప్పుడో బయటపడి కథకి పనికొస్తుంది కూడా. ఇలాంటి ఘట్టాలు నవలలో ఐదారు చాలు. అధ్యాయానికొకటి పెడితే మాధవి చిల్లర మనిషిలా కనిపిస్తుంది.

కుళ్లు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూపించాలి. మన ఇళ్లలో పోలిక మొదలుపెట్టేది పెద్దవాళ్లే: 'దాన్ని చూసి నేర్చుకో', 'దానికి ఎంత పొడుగు జడో'. రెండో ఇంట్లో అదే వారం ఇదే మాట తిరగేసి వినిపించండి. సుజాత వాళ్లమ్మ మాధవిని మెచ్చుకుంటున్నట్టు మాధవికి ఎప్పటికీ తెలియకపోవడం పాఠకుల చేతిలో ఉండే మంచి రహస్యం.

ఇక దృష్టికోణం. ఒకామె 'నేను'గా చెబితే రెండో ఆమె దేవత అయినా అవుతుంది, రాక్షసి అయినా అవుతుంది. చెప్పేమనిషి తప్పుగా అర్థం చేసుకుందని పాఠకులకి తెలిసిపోయే సంఘటనలు కొన్ని పెడితే ఇది తగ్గుతుంది. అధ్యాయం మార్చి అధ్యాయం ఇద్దరూ చెబితే గొంతులు ఒకేలా వస్తాయి. పేర్లు కప్పేసి ఒక పేరా ఎవరిచేతైనా చదివించండి, ఎవరిదో పోల్చుకోలేకపోతే తిరగరాయాలి. ఇద్దరినీ 'ఆమె' అంటూ ప్రథమ పురుషలో రాస్తే ఇబ్బంది వేరు: 'ఆమె ఆమె చేతిని వదిలేసింది' లాంటి వాక్యం. ఎవరి మనసులోంచి చూస్తున్నామో ఆమెకి 'తను', రెండో ఆమెకి ఎప్పుడూ పేరు. ఆ ఘట్టం అయ్యేదాకా ఇది మార్చొద్దు.

సంభాషణలో దూరం చూపడానికి పిలుపు చాలు. 'చచ్చావా ఏంటే, ఫోనే లేదు' అనే మనిషి ఒకరోజు 'ఎలా ఉన్నావమ్మా, బిజీనా?' అంటే పోట్లాట రాయక్కర్లేదు.

కొలతల విషయానికొస్తే 45 నుంచి 50 వేల మాటలు, 28 లేదా 30 అధ్యాయాలు సరిపోతాయి. మొదటి బీట ఏడో అధ్యాయం దాటకముందే పడాలి, అదీ చిన్న విషయం మీద: తిరిగివ్వని ఐదొందలు, పిలవని ఓణీల ఫంక్షన్. ప్రతి మూడు అధ్యాయాలకీ ఒకసారైనా ఇద్దరే మాట్లాడుకోవాలి, ఫోన్లోనైనా సరే. స్నేహం ఎందుకు నిలిచిందో కూడా కనపడాలి కదా. నవ్వుకునే ఘట్టాలు లేకపోతే 'వీళ్లిద్దరూ విడిపోతే ఏం పోయింది?' అంటారు.

తరచుగా చెడేది మధ్యలో. కథ నడవట్లేదని ఒక మగవాణ్ణి తెచ్చి ఇద్దరి మధ్య నిలబెడతారు. వాడు రాగానే అంతవరకూ పేర్చిన కుళ్లంతా వాడి ఖాతాలోకి పోతుంది. చివర్లో క్యాన్సర్ తెచ్చి ఆసుపత్రి మంచం దగ్గర కలపడమూ అంతే. దానికి బదులు పట్టికలో ఒక వరస తిప్పండి: మాధవికి ప్రమోషన్ మీద బదిలీ, సుజాత చేతికి పని అనుమతి కార్డు, రెండూ ఒకే వారంలో. ముందు ఎవరు ఎవరికి చెబుతారన్నదే చివరి అధ్యాయాలకి సరిపడా సరుకు.

రాతప్రతి అయ్యాక నలుగురు ఆడవాళ్లకి విడివిడిగా ఇచ్చి, 'బాగుందా' అని కాకుండా ప్రతి అధ్యాయం చివర ఎవరి వైపు ఉన్నారో పెన్సిల్‌తో పేరు రాయమనండి. నలుగురూ అన్నిచోట్లా ఒకే పేరు రాస్తే రెండో ఆమె ఘట్టాలు మళ్లీ రాయాల్సిందే.