అటక మీది బొమ్మలు ఆన్‌లైన్లో అమ్ముతుంటే ఎదురయ్యే చిక్కులు: ఎందుకొస్తాయి, ఏం చెయ్యాలి

పోయిన వేసవిలో విజయనగరంలో మా పాతిల్లు బాగుచేయిస్తూ అటక మీది ట్రంకుపెట్టె కిందికి దించాం. మా చిన్ననాటి బొమ్మలన్నీ అందులోనే ఉన్నాయి. ఇనప కార్లు ముప్పై దాకా, తాళం తిప్పితే గెంతే రేకు కప్ప, తీర్థంలో (మా వైపు జాతరని అలాగే అంటాం) కొన్న టపటప పడవ, నడుం దగ్గర రెండుగా ఊడిపోయిన సైనికులు, అక్క లక్కపిడతలు. ఉంచుకుందామంటే చోటు లేదు, పారేద్దామంటే చెయ్యి రాదు. సరే, ఆన్‌లైన్లో పెట్టాను. మొదటి నెల రోజులూ ఏదో ఒక చిక్కే. ఒక్కొక్కటీ ఎందుకొచ్చిందో అర్థమయ్యాక సర్దుకుంటూ వచ్చాను. విజయనగరం, శ్రీకాకుళం ఇళ్ళలో అటక మీద ఇలాంటి పెట్టెలు ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఒక మాట. ప్రకటన రాసే ముందు ప్రతి బొమ్మనీ తిరగేసి అడుగు చూడండి. కింద చెప్పిన చిక్కుల్లో సగానికి జవాబు ఆ అడుగునే ఉంటుంది.

"పది రోజులైంది, ఒక్కళ్ళూ అడగలేదు"

నేను మొదట పెట్టిన ప్రకటన "పాత కారు బొమ్మలు, మంచి కండిషన్" అని. అలా వెతికేవాళ్ళెవరూ ఉండరు. సేకరించేవాళ్ళు తయారుచేసిన కంపెనీ పేరుతో, ఆ కారు మోడల్ పేరుతో వెతుకుతారు, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో. ఆ రెండూ కారు అడుగున అచ్చుపోసి ఉంటాయి. కంటికి ఆనకపోతే ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసి పెద్దది చేసి చూడండి. మట్టి పట్టి ఉంటే పాత టూత్‌బ్రష్‌తో పొడిగా తుడవండి. పేరు ఉన్నదున్నట్టు ప్రకటన మొదటి మాటగా రాయండి.

రెండో కారణం చోటు. మన ఊళ్ళో ఇలాంటివి కొనేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. విశాఖ, హైదరాబాద్, బెంగళూరు వాళ్ళే ఎక్కువ. "పార్సిల్ పంపుతాను" అని స్పష్టంగా రాయకపోతే ఊరి పేరు చూసి వెనక్కెళ్ళిపోతారు.

ఎక్కడ పెట్టాలన్నది కూడా ముఖ్యమే. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ దుకాణదారుల కోసం ఉన్నవి. జీఎస్టీ నంబరు అడుగుతాయి, ఇంట్లో వాడిన పాత సామాను అమ్ముకునే చోటు కాదవి. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, సేకరించేవాళ్ళ గ్రూపులు మనకి సరిపోతాయి. ఈబే అనే విదేశీ అమ్మకాల సైటుకి ఉన్న భారతీయ సైటు 2018 ఆగస్టులోనే మూతపడింది. ఇప్పుడు అక్కడ అమ్మడమంటే విదేశాలకి పంపడమే కాబట్టి మొదటిసారికి ఆ జోలికి పోవద్దు.

ఫొటోలు ఉదయం ఎనిమిదీ తొమ్మిదీ మధ్య వరండాలో, తెల్ల పంచె పరిచి తియ్యండి. ఫ్లాష్ వెయ్యకండి, రంగు మీద మెరుపు పడి గీతలు దాగిపోతాయి. గీతలు దాగితే మనకే నష్టం, బొమ్మ చేతికొచ్చాక వాళ్ళు తప్పకుండా చూస్తారు. ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు, దెబ్బతిన్న చోటు, పక్కన ఒక స్కేలు. వాట్సాప్‌లో అడిగితే ఫొటోని డాక్యుమెంట్‌గా పంపండి, లేకపోతే అడుగున అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తాయి.

"అందరూ సగానికి సగం బేరమాడుతున్నారు"

ధర ఎక్కడ చూసి పెట్టారు? ఎవరో పెట్టిన ప్రకటనలో చూసి పెట్టి ఉంటే, అది వాళ్ళు కోరుకునే ధర. ఈబే విదేశీ సైటులో అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే వడపోత (ఫిల్టర్) ఒకటి ఉంటుంది, అది నొక్కి చూడండి. అక్కడ కనిపించేది నిజంగా చేతులు మారిన డబ్బు. అందులోనూ అట్ట విప్పని బొమ్మ ధర వేరు, ఆడుకున్న బొమ్మ ధర వేరు. మనవి ఆడుకున్నవే.

"గుంటలాడుకునే బొమ్మకి ఇంత ధరేటి బావూ?" అని మన పక్క పెద్దాయన ఒకరు ఫోన్లో అడిగారు. గుంటలంటే మా వైపు పిల్లలు. ఆయన మనవడి కోసం చూస్తున్నారు. ఆయన అన్నదీ సబబే. పిల్లల కోసం అడిగేవాళ్ళకి ఇవి అమ్మకండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మన పాతవాటికి ఆ పరీక్షలేవీ జరగలేదు, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. "సేకరణ కోసం, పిల్లలు ఆడుకోవడానికి కాదు" అని ప్రకటనలోనే రాసెయ్యండి. ఆ పెద్దాయనకి నేనదే చెప్పాను.

"ఏడాది తప్పు రాశానని కొన్నాయన గొడవపెట్టుకున్నారు"

ఈ తప్పు నేనూ చేశాను, నాలా చాలామంది చేస్తారు. కారు అడుగున ఒక ఏడాది కనిపించగానే అదే తయారైన ఏడాది అనుకుంటాం. అది ఆ అచ్చుకి కంపెనీ హక్కు నమోదైన ఏడాది. ఒకే అచ్చుతో ఏళ్ళ తరబడి కార్లు పోస్తూనే ఉంటారు. బార్బీ బొమ్మల వీపు మీద 1966 అని చూసి అరవై ఏళ్ళనాటి బొమ్మ దొరికిందని సంబరపడేవాళ్ళు ఎందరో. అది ఆ ఒంటి అచ్చు ఏడాది. తర్వాత దశాబ్దాలపాటు వచ్చిన బొమ్మల మీద కూడా అదే అంకె ఉంది.

మరి అసలు వయసు తెలిసేదెలా? హాట్ వీల్స్ అనే బొమ్మ కార్లు మొదలైంది 1968లో. వాటిలో 2008 నుంచి వచ్చినవాటికి అడుగున ఒక అక్షరం, రెండంకెలు కలిపిన చిన్న కోడ్ ఉంటుంది. అక్షరం ఏడాదికి, అంకెలు వారానికి గుర్తు. 2008కి ఏ, 2009కి బి, అలా. అంతకు ముందువాటికి తయారైన దేశం పేరు ఆధారం. అడుగున "ఇండియా" అనో, ఇక్కడ తయారుచేసిన కంపెనీ పేరు "లియో" అనో ఉంటే ఆ కారుని పక్కన పెట్టండి, తొందరపడి గంపగుత్తగా అమ్మెయ్యకండి. మన దేశంలో పోసిన పాత హాట్ వీల్స్‌ని, మాక్స్‌వెల్ పేరున్న మ్యాచ్‌బాక్స్ కార్లని, 1987లో మొదలైన ఫన్‌స్కూల్ వాళ్ళ జీ ఐ జో సైనికులని విదేశాల్లో కూడా వెతికి మరీ కొంటారు. ఇక్కడి రంగులు, ఇక్కడ భాగాలు కలిపిన తీరు బయటివాటికి భిన్నంగా ఉండడమే కారణం.

ప్రకటనలో "1995 నాటిది" అని రాయకండి. "అడుగున ఉన్న ఏడాది ఇది, మేము కొన్నది నా చిన్నప్పుడు" అని రాసి ఫొటో పెట్టండి. గొడవపెట్టుకున్న ఆయనకి నేను డబ్బులు తిరిగి పంపాను, రానుపోను పార్సిల్ ఖర్చు కూడా నేనే పెట్టుకున్నాను. తప్పు నాది కదా.

"శుభ్రం చేస్తే ఉన్న రంగు కూడా పోయింది"

అక్క లక్కపిడతల్లో ఒక రుబ్బురోలు ఉంది, బొటనవేలంత. ఎర్ర రోలు, పసుపుపచ్చ పొత్రం. ఏనాడో వార్తాపత్రికలో చుట్టి పెట్టారు. రేకుల కప్పు కింద ఎన్ని వేసవులు గడిచాయో, లక్క మెత్తబడి కాగితం అంటుకుపోయింది. విప్పితే రోలు చుట్టూ అక్షరాలు తిరగబడి అచ్చయ్యాయి. అద్దంలో పెడితే "వర్షసూచన" అని చదవగలిగాను. అది పోగొడదామని దూదికి శానిటైజర్ అద్ది రుద్దాను. దూది ఎర్రగా అయింది, అక్షరాలతోపాటు ఆ పక్కనంతా కర్ర బయటపడింది.

కారణం ఇది. లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. శానిటైజర్, స్పిరిట్, సెంటు, ఏదైనా అంతే. ఏటికొప్పాక బొమ్మలైనా, తీర్థాల్లో దొరికే మామూలు లక్కపిడతలైనా పొడి గుడ్డతోనే తుడవాలి. మరీ మురికిగా ఉంటే తడి పిండేసిన గుడ్డతో ఒకసారి తుడిచి వెంటనే పొడిగుడ్డ వెయ్యండి. మెరుపు తగ్గితే ఎండిన మొగలి ఆకుతో మెల్లగా రుద్దండి, లక్క పని చేసేవాళ్ళు మెరుగు పెట్టేది దానితోనే. పోయిన రంగు మళ్ళీ వెయ్యబోకండి.

రేకు బొమ్మలకీ అదే సూత్రం. మన సముద్రపు గాలికి తుప్పు పట్టని రేకు ఉండదు. ఉప్పుకాగితం పెట్టి గీకినా, కొత్త రంగు వేసినా విలువ పడిపోతుంది. పొడిగా తుడిచి, తాళం తిప్పే చోట కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి వదిలెయ్యండి. బిగిసిపోయిన తాళాన్ని బలవంతాన తిప్పితే లోపలి స్ప్రింగు తెగుతుంది.

నడుం ఊడిన సైనికుల్ని విరిగిపోయాయని పారెయ్యకండి. ఒంటినీ కాళ్ళనీ కలిపి ఉంచేది లోపలి చిన్న రబ్బరు రింగు. ఏళ్ళు గడిచేసరికి అది పెళుసెక్కి తెగిపోతుంది. వీపున ఉన్న మర (స్క్రూ) తీసి, సరిపడే కొత్త రింగు వేసి మళ్ళీ బిగిస్తే బొమ్మ నిలబడుతుంది. "రింగు కొత్తది" అని మాత్రం చెప్పండి.

బ్యాటరీ కారిన బొమ్మ ఉంటే ఏ సెల్ వేశారో ముందు చూడండి. ఆల్కలైన్ సెల్‌లోంచి కారేది క్షారం, చెవిపుల్లకి వెనిగర్ అద్ది తుడవండి. ఆల్కలైన్ కాని మామూలు పెన్సిల్ సెల్‌లోంచి కారేదానికి ఆమ్ల గుణం, దానికి వంటసోడా కలిపిన నీళ్ళు. చేతికి తొడుగు వేసుకోండి.

"డబ్బులు పంపుతున్నాం, క్యూఆర్ స్కాన్ చెయ్యండి అంటున్నారు"

అక్కడితో మాట ఆపెయ్యండి. ఈ ఒక్క విషయంలో మొహమాటం పనికిరాదు.

వచ్చే తీరు ఇలా ఉంటుంది. ప్రకటన పెట్టిన గంటలోపే ఫోన్. బేరం ఆడరు, బొమ్మ గురించి ఒక్క ప్రశ్న అడగరు. తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ అయిందని, మనిషిని పంపి తీసుకుంటానని చెప్పి యూనిఫాం ఫొటో, గుర్తింపు కార్డు పంపుతారు. ఆ వెంటనే ఒక క్యూఆర్ కోడ్. స్కాన్ చేసి పిన్ నొక్కితే మన ఖాతాలో డబ్బు పడుతుందంటారు. యూపీఐలో పిన్ నొక్కేది డబ్బు ఇచ్చేటప్పుడే. డబ్బు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఇంకో రకం వాళ్ళు డబ్బు పంపేసినట్టు స్క్రీన్‌షాట్ పెడతారు. పొరపాటున ఎక్కువ పంపాం, మిగతాది వెనక్కి పంపమంటారు. స్క్రీన్‌షాట్‌ని, మెసేజ్‌ని నమ్మకుండా మీ బ్యాంకు యాప్ తెరిచి నిల్వ ఎంతుందో చూడండి.

ఇప్పటికే పోయి ఉంటే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి, బ్యాంకుకీ చెప్పండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బుని మధ్యలో ఆపే వీలు అంత ఎక్కువ. మా వీధిలో ఒక టీచరుగారు పరువు పోతుందని మూడు రోజులు ఊరుకున్నారు. ఆ మూడు రోజులే ఆవిడకి నష్టం చేశాయి.

ఊళ్ళోవాళ్ళే కొంటుంటే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో, శ్రీకాకుళమైతే డే అండ్ నైట్ జంక్షన్ దగ్గరో పగటిపూట కలవండి. ఇంటికి పిలవకండి.

"చేరేసరికి విరిగింది" లేదా "పార్సిల్ ఖర్చే బొమ్మ ధరంత అయింది"

రెండూ ఒకే అట్టపెట్టె నుంచి వస్తాయి. పెద్ద పెట్టెలో చిన్న బొమ్మ వేస్తే అది లోపల దొర్లుతుంది, పైగా డబ్బులూ ఎక్కువే. ప్రైవేటు కొరియర్లు ఎక్కువగా పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. ఆ అంకె అసలు బరువుకంటే ఎక్కువైతే దానికే డబ్బు తీసుకుంటారు. 30, 25, 20 కొలతల పెట్టె మూడు కిలోల కింద లెక్క, లోపలున్నది అరకిలో అయినా సరే. 20, 15, 10 పెట్టె అయితే ఆరువందల గ్రాములు. ధర చెప్పకముందే బొమ్మని పెట్టెలో పెట్టి కొలిచి, తూచి, పోస్టాఫీసులోనూ కొరియర్లోనూ అడిగి రండి.

చుట్టేటప్పుడు బబుల్ ర్యాప్ నేరుగా బొమ్మకి తగలనివ్వకండి. పాత ప్లాస్టిక్ మీద, రంగు మీద ఆ బుడగల గుర్తులు పడిపోతాయి. ముందు మెత్తటి తెల్ల నూలుగుడ్డో, అచ్చులేని పల్చటి కాగితమో చుట్టి, దానిమీద బబుల్ ర్యాప్ వెయ్యండి. చక్రాలకి, చేతులకి విడివిడిగా. పెట్టె మూసి చెవి దగ్గర ఊపండి. చప్పుడు వస్తే మళ్ళీ విప్పి సందులు నింపండి. ప్యాక్ చేస్తున్నంతసేపూ వీడియో తియ్యండి, విప్పేటప్పుడు వాళ్ళనీ తియ్యమనండి. బ్యాటరీలు తీసేసి పంపండి.

"అంతా కుదిరాక ఇంట్లో అడ్డుపడ్డారు"

లక్కపిడతల ఫొటోలు పెట్టిన మర్నాడు పార్వతీపురం నుంచి అక్క ఫోన్ చేసింది. బావ చూసి చెప్పారట. "అయి నావిరా. నన్నడక్కుండా ఎలా పెట్టేసినావు?" అంది. అప్పటికే ఒకావిడ అడ్వాన్సు పంపేశారు. పెట్టె మా ఇంట్లో ఉంది కాబట్టి బొమ్మలన్నీ నావే అనుకున్నాను, అదీ కారణం.

ముందే చెయ్యాల్సింది ఏమిటంటే, పెట్టెలోవన్నీ పరిచి ఒక ఫొటో తీసి తోబుట్టువులందరికీ పంపి, ఎవరికేం కావాలో వారం రోజులు గడువిచ్చి అడగడం. నాలాగే ఆలస్యమైపోతే ఆ రోజే డబ్బులు తిప్పి పంపి, ఉన్న విషయం చెప్పి, ప్రకటన ఎక్కడెక్కడ పెట్టారో అన్ని చోట్లా తీసెయ్యండి. నేను ఒక గ్రూపులో మరిచిపోయాను, మరో ఇద్దరు అడిగి నిరాశపడ్డారు.

అడ్వాన్సు పంపిన ఆవిడకి సంగతి చెబితే కోప్పడలేదు. టపటప పడవ ఇంకా ఉందా అని అడిగి అది తీసుకున్నారు. లక్కపిడతల్ని తెల్లగుడ్డలో చుట్టి ఆదివారం బస్సులో పార్వతీపురం పట్టుకెళ్ళాను. రుబ్బురోలు మీద నేను చేసిన మచ్చ అక్కకి చూపించాను. మిగిలిన అక్షరాల్ని తుడవొద్దంది.