మేడ మీది టమాటా: ఆకు చూసి జబ్బు పోల్చుకోవడం

మందు కొనేముందు రెండు సంగతులు చూడండి. పాడైనవి కింది ముదురాకులా, పై లేతాకులా? ఆకు తిప్పితే వెనక ఏముంది?

కింది ఆకులు మొత్తంగా పసుపెక్కితే నత్రజని చాలడం లేదు. రోజూ పోసే నీళ్లతో పోషకాలు అడుగు రంధ్రాల్లోంచి పోతుంటాయి కాబట్టి కుండీల్లో ఇది మామూలే; 12 అంగుళాల కుండీకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్టు వేయండి. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగమే పసుపెక్కితే మెగ్నీషియం లోపం. లీటరు నీటికి 5 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి.

అదే లక్షణం లేతాకుల్లో కనిపిస్తే ఇనుము అందడం లేదు. హైదరాబాద్‌లో చాలాచోట్ల బోరు నీళ్లు కఠినం. వాటితో మట్టిలో క్షారగుణం పెరిగి, ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు. ఇక్కడ ఎప్సమ్ పోసి లాభం లేదు. వాన నీళ్లు పట్టి పోయండి, చీలేటెడ్ ఐరన్ (వేళ్లు తేలిగ్గా తీసుకోగల రూపంలోని ఇనుము) ప్యాకెట్ మీది మోతాదులో ఇవ్వండి.

మే ఎండకు ఆకులు చుట్టుకున్నా రంగు బాగుంటే కంగారొద్దు, నీడవల చాలు. లేతాకులు చిన్నవై, అంచులు పసుపెక్కి పైకి ముడుచుకుని, మొక్క గిడసబారితే మాత్రం తెల్లదోమ తెచ్చే ఆకుముడత వైరస్. దీనికి మందు లేదు, ఎవరేం అమ్మినా సరే. పీకి, సంచిలో కట్టి పారేయండి. పక్క మొక్కలకు పసుపు జిగురు అట్టలు పెట్టి, లీటరుకు 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి కొట్టండి.

ఆకు వెనక సన్నటి సాలెదారాలు, పైన సూదిమొనంత తెల్లచుక్కలుంటే ఎర్రనల్లి. పైపుతో వెనకవైపు గట్టిగా కడగండి. గోధుమ మచ్చల్లో వలయాలుంటే ఆకుమాడు తెగులు: ఆ ఆకులు తుంచేసి, ఇకపై ఆకులు తడవకుండా మొక్క మొదట్లోనే నీళ్లు పోయండి.

మట్టి తడిగా ఉన్నా మొక్క వాడుతోందా? నీళ్లు ఆపి, అడుగు రంధ్రం మూసుకుందేమో పుల్లతో పొడిచి చూడండి.