సర్వర్ స్లో అయిందా? రీస్టార్ట్ కొట్టే ముందు ఇవి చూడండి

ద్వారకానగర్‌లో మా బావగారికి చిన్న ట్రావెల్స్ ఆఫీసుంది, అరకు ట్రిప్పులన్నీ సైట్‌లోనే బుక్కవుతాయి. చలికాలం వచ్చిందంటే శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి సైట్ పడిపోవడం, ఆయన ఫోన్ చేసి "ఏటి బావా, మళ్ళీ పోనాదేటి" అనడం, నేను రీస్టార్ట్ కొట్టడం, అరగంట బాగుండి మళ్ళీ మొదటికి రావడం, నెల రోజులు ఇదే సంత. రీస్టార్ట్ కొడితే అప్పటికి గట్టెక్కుతాం గానీ ఆ టైమ్‌లో మెమరీని ఎవడు తింటున్నాడో చూసే ఛాన్స్ పోతుంది. ముందు సర్వర్‌లో (మాది లైనక్స్) టాప్ కమాండ్ ఓపెన్ చేసి షిఫ్ట్ ఎమ్ నొక్కండి, ఎక్కువ తినేవాళ్ళు పైకొస్తారు, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఫ్రీ మెమరీ 80 ఎంబీయే చూపిస్తోంది

ఇది అసలు ప్రాబ్లమే కాదు. లైనక్స్ ఖాళీ ర్యామ్‌ని ఊరికే ఉంచదు, డిస్క్ నుంచి చదివిన ఫైళ్ళని అందులో క్యాష్‌గా పెట్టుకుంటుంది, ఎవరైనా అడిగితే ఖాళీ చేసి ఇచ్చేస్తుంది. ఫ్రీ కమాండ్‌లో "అవైలబుల్" కాలమ్ చూడండి, అది బాగుంటే వదిలేయండి.

పేజీ నిమిషం తిరుగుతోంది, సీపీయూ మాత్రం ఖాళీగానే ఉంది

మాది ఇదే. రెండు కోర్ల మెషిన్‌లో లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వంతు కోసం ఆగిన ప్రాసెస్‌ల సగటు) 18, సీపీయూ చూస్తే పని చేయట్లేదు, టాప్‌లో "డబ్ల్యూఏ" మాత్రం చాలా ఎక్కువగా ఉంది, అంటే అందరూ డిస్క్ కోసం క్యూలో నిలబడ్డారని. లైనక్స్ లోడ్ లెక్కలో అలా డిస్క్ కోసం ఆగినవాళ్ళు కూడా వస్తారు. వీఎమ్‌స్టాట్ 1 కొట్టి పది లైన్లు చూడండి (మొదటి లైన్ బూట్ అయినప్పట్నుంచి యావరేజ్, దాన్ని నమ్మొద్దు). ఎస్ఐ, ఎస్ఓ కాలమ్స్‌లో అంకెలు ఆగకుండా వస్తుంటే ర్యామ్ చాలక స్వాప్‌లోకి (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) తోసి మళ్ళీ తెచ్చుకుంటోందన్నమాట.

కారణం ఏటంటే, చందనోత్సవం రోజు సింహాచలం బస్సులాగ ఎంతమంది వస్తే అంతమందినీ ఎక్కించేసుకున్నాం. ఎవడో బ్లాగ్ చూసి పీహెచ్‌పీ ఎఫ్‌పీఎమ్‌లో (సైట్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ ప్రాసెస్‌లని నడిపేది) మ్యాక్స్ చిల్డ్రన్, అంటే ఒకేసారి ఎన్ని ప్రాసెస్‌లు లేవొచ్చో ఆ లిమిట్, 50 పెట్టింది నేనే. లెక్క చూడండి: ఒక్కో పీహెచ్‌పీ ప్రాసెస్ 70 ఎంబీ, 50 లేస్తే 3500 ఎంబీ, మెషిన్‌లో ఉన్నది 2 జీబీ. అందులో డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌కి 450, మిగతా సిస్టమ్‌కి 300 పోతే మిగిలేది దాదాపు 1250, అంటే 17 ప్రాసెస్‌లకి మించి పట్టవు. పిండి కొద్దీ రొట్టె. నేను 14 పెట్టాను. 14 దాటినవాళ్ళు క్యూలో కాసేపు ఆగుతారు, ఆగనివ్వండి, స్వాప్‌లో అందరూ కలిసి మునగడం కన్నా అది నయం.

ఒక్క జాగ్రత్త, మ్యాక్స్ చిల్డ్రన్ తగ్గించి మ్యాక్స్ స్పేర్ సర్వర్స్ (పని లేకున్నా రెడీగా ఉంచే ప్రాసెస్‌ల లిమిట్) అంతకన్నా ఎక్కువగా వదిలేస్తే ఎఫ్‌పీఎమ్ అసలు స్టార్టే అవ్వదు. నేను అర్ధరాత్రి ఇది కూడా చేశాను. అపాచీ వెబ్ సర్వర్‌లో ప్రీఫోర్క్ (ఒక్కో రిక్వెస్ట్‌కి ఒక్కో ప్రాసెస్ పెట్టే పద్ధతి) వాడేవాళ్ళకి ఇలాంటి లిమిటే మ్యాక్స్ రిక్వెస్ట్ వర్కర్స్, డిఫాల్ట్ 256, చిన్న మెషిన్‌లో దాన్ని ముట్టుకోకుండా వదిలేశారంటే ఇదే కథ.

మైఎస్‌క్యూఎల్ దానంతటదే చచ్చిపోతోంది

సైట్‌లో "డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్" వస్తుంది, మైఎస్‌క్యూఎల్ లాగ్ చూస్తే పెద్దగా ఏమీ ఉండదు. డీమెసేజ్ (dmesg) కమాండ్ కొట్టి, కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) రాసుకున్న మెసేజీల్లో "అవుట్ ఆఫ్ మెమరీ" అని వెతకండి. ర్యామూ స్వాపూ రెండూ అయిపోతే కెర్నల్ ఎవడో ఒకణ్ణి చంపాలి, ఎక్కువ మెమరీ పట్టుకున్నవాణ్ణి చూసి చంపుతుంది, చిన్న సర్వర్లలో అది చాలాసార్లు మైఎస్‌క్యూఎలే. తిన్నది పీహెచ్‌పీ, పోయింది మైఎస్‌క్యూఎల్. పైన చెప్పిన లెక్క సరిచేస్తే సగం కేసులు ఇక్కడే పోతాయి. స్వాప్ అసలు లేకపోతే ఓ 1 జీబీ పెట్టండి, స్పీడ్ కోసం కాదు, మీరు లాగిన్ అయి చూసేదాకా ప్రాణం నిలబడ్డానికి.

రోజురోజుకీ మెమరీ పెరుగుతూ పోతోంది

లీక్, అంటే తీసుకున్న మెమరీని ఎవడో తిరిగి ఇవ్వట్లేదు. ఏదో ప్లగిన్ అయ్యుంటుంది. అసలు దొంగ దొరికేదాకా ఎఫ్‌పీఎమ్‌లో మ్యాక్స్ రిక్వెస్ట్స్ 500 పెట్టండి, 500 రిక్వెస్టులయ్యాక ఆ ప్రాసెస్ పోయి కొత్తది వస్తుంది. డిఫాల్ట్ 0, అంటే లిమిట్ లేదు.

మెమరీ బాగుంది, అయినా స్లో

అప్పుడు క్వెరీల (సైట్ డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలు) మీద పడండి. మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ ఆన్ చేసి, లాంగ్ క్వెరీ టైమ్ డిఫాల్ట్ 10 సెకన్లు ఉంటుంది, అది 1కి దించండి. లాగ్‌లో పడ్డ క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ పెట్టి రన్ చేస్తే టైప్ కాలమ్‌లో "ఆల్" అని వస్తే టేబుల్ మొత్తం చదువుతోందని. మాకు బుకింగ్స్ టేబుల్‌లో ప్రయాణం తేదీకి ఇండెక్స్ (పుస్తకం వెనక సూచికలాంటిది) లేదు, మూడేళ్ళ బుకింగులన్నీ ప్రతి క్లిక్‌కీ మొదట్నుంచి తిరగేస్తోంది పాపం. ఇండెక్స్ వేశాక ఆ పేజీ వెంటనే వస్తోంది. బావగారు ఇప్పుడు శుక్రవారం రాత్రి ఫోన్ చేసి, సైట్‌లో ఫొటోలు పాతబడ్డాయి మార్చమంటున్నారు.